మబ్బు పట్టినా ఎండ ఎండే

బంగారూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. బ్యాగు పట్టీ ఉన్నంత మేర చర్మం మామూలుగా ఉంది, గీత గీసినట్టు దాని పక్కనుంచే కందిపోయింది. "మబ్బుగానే ఉందిగా నాన్నా" అన్నావు. పల్చటి మబ్బయితే అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా దిగిపోతాయి. చల్లగాలి వేడిని తెలియనివ్వదు గానీ కిరణాలను ఆపదు.

ఇందులో చిక్కేమిటంటే, చర్మం ఆలస్యంగా చెబుతుంది. ఎండలో ఉన్నప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలకు మంట మొదలై, మర్నాటికి బాగా ముదురుతుంది. అందుకే మంట పుట్టాక నీడకు వెళ్దాంలే అనుకుంటే లాభం లేదు. నేలమీద నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిదని లెక్క.

ఇప్పుడైతే చల్లటి నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డ పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచు. రోజులో ఎన్నిసార్లయినా వెయ్యి. ఐసు నేరుగా పెట్టకు. ఒళ్లు కాస్త తడిగా ఉండగానే కలబంద జెల్ రాసుకో. నూనె, పెట్రోలియం జెల్లీ వద్దు, వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. నీళ్లు బాగా తాగు. బొబ్బలు లేస్తే చిదపకు, పొట్టు లేస్తే పీకకు (నీ చేయి ఊరుకోదని నాకు తెలుసు!). జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నా, బొబ్బలు వీపంతా లేచినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నీ ఫ్రెండ్ "నేను నల్లగా ఉంటాగా, నాకేం కాదు" అందట. నల్లటి చర్మమూ కములుతుంది. ఎరుపు కనబడదు, అంతే. ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉంటుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 చాలు. 50 కొన్నా ఆపే కిరణాల్లో తేడా ఒక్క శాతమే. అసలు తప్పు పల్చగా రాయడంలో ఉంది. చెవుల అంచులు, మెడ వెనక, పాదాల పైభాగం అందరూ మర్చిపోతారు. రెండు గంటలకోసారి, చెమట పట్టినా, ఈత కొట్టినా మళ్లీ రాయాలి. నన్నడిగితే పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ ఇంకా నయం. మళ్లీ మళ్లీ రాసే పని ఉండదు.

ఇంకోటి. మొటిమలకు వాడుతున్న మాత్ర డాక్సీసైక్లిన్ కదూ? దానివల్ల చర్మం ఎండకు తొందరగా కములుతుంది. నీ అంతట నువ్వు మానేయకు. మళ్లీ ఎండలోకి వెళ్లేలోపు డాక్టర్‌ని అడిగి, ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి.

నాన్న