పసుపుపచ్చ అడిగితే ఆకుపచ్చ పంపారు

బర్మింగ్‌హామ్,
24 ఫిబ్రవరి 2025

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: 2023 అక్టోబరులో మీరు పంపిన మూడు ‘వెండీస్ గోల్డ్’ స్నోడ్రాప్ దుంపలు ఆ రకం కాకపోవడం గురించి

అయ్యా, అమ్మా,

ఈ సంగతి మీకు ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. నేను రాసింది చదవకుండానే రెండుసార్లూ జవాబిచ్చారు. మీ వెబ్‌సైటులో మాత్రం “మీకు వచ్చిన భాషలో రాయండి, మేం అనువాదం చేయించుకుంటాం” అని ఉంది. అందుకని ఈసారి తెలుగులో రాస్తున్నాను. అనువాదం చేసేవారైనా మొదటి నుంచి చివరిదాకా చదవక తప్పదు కదా. వారికి తెలియకపోతే, స్నోడ్రాప్ అంటే చలికాలం చివర పూసే, తలవంచుకునే చిన్న తెల్లపువ్వు.

ఒక్కో దుంపకు 12 పౌండ్ల చొప్పున మూడింటికి 36, తపాలా ఖర్చు నాలుగున్నర కట్టాను. అక్టోబరు రెండో వారంలో కాగితపు సంచిలో మూడు ఎండు దుంపలు వచ్చాయి. ఒక్కొక్కటి వెల్లుల్లి రెబ్బంత ఉంది. ఆపిల్ చెట్టు కింద, ఆకుల ఎరువు కలిపిన మట్టిలో నాటాను. 2024 జనవరిలో ఆకులు వచ్చాయి, పువ్వు రాలేదు. ఎండబెట్టి పంపిన స్నోడ్రాప్ దుంప ఒక ఏడాది అలగడం మామూలే కాబట్టి ఊరుకున్నాను. ఈ నెల మొదటివారంలో రెండు మొక్కలు పూశాయి. మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు గడ్డం పట్టుకుని పైకెత్తి చూశాను. లోపలి రేకుల మీద ఆకుపచ్చ చుక్క! తొడిమ కింద గింజలు కట్టే బుడిపె కూడా ఆకుపచ్చే.

‘వెండీస్ గోల్డ్’లో ఆ రెండూ పసుపు రంగులో ఉంటాయి. ఆ రకం ప్రాణమంతా ఆ పసుపులోనే ఉంది. మా భాషలో పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. ఆ వెసులుబాటు తెలుగుకు ఉంది, మీ లేబుల్‌కు లేదు.

మీ మొదటి జవాబులో ఏమన్నారు? “పసుపు రకాలు నీడలో రంగు తగ్గుతాయి, వచ్చే ఏడాది మళ్లీ చూడండి” అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్లుంది. కొన్ని పసుపు స్నోడ్రాప్‌లు చోటు మారితే రంగు మారతాయన్నది నిజమే, నాకూ తెలుసు. కానీ నేను పువ్వు ఫొటోతో పాటు ఆకుల ఫొటో కూడా పంపాను. దాన్ని ఎవరైనా తెరిచి చూశారా? ‘వెండీస్ గోల్డ్’ ప్లికాటస్ జాతి. దాని ఆకు అంచులు రెండు వైపులా వెనక్కి మడిచి ఉంటాయి, ఇస్త్రీ చేసిన పంచె అంచులాగా. నివాలిస్ అనే మామూలు జాతిలో రెండు ఆకులూ సన్నగా, బల్లపరుపుగా, నమస్కారం పెట్టినట్లు ఒకదానికొకటి అంటుకుని మొలుస్తాయి. ఎల్విసై జాతిలో ఒక ఆకు రెండోదాన్ని చుట్టుకుని వస్తుంది. నా దగ్గర మొలిచినవి నమస్కారం పెడుతున్నాయి. నీడ రంగును మారుస్తుందేమో గాని, మడతను విప్పదు. మీరు పంపింది మామూలు నివాలిస్. మీ జాబితాలోనే అది పాతిక దుంపల కట్టగా, ఒక్కో దుంప అర పౌండు కన్నా తక్కువకు దొరుకుతోంది.

రెండో జవాబు ఇంకా బాగుంది. “మా హామీ 30 రోజులు మాత్రమే, అయినా మీ అసౌకర్యానికి 10 పౌండ్ల కూపన్ ఇస్తాం” అన్నారు. అక్టోబరులో ఎండు దుంప పంపి, నవంబరులో గడువు ముగిసే హామీ ఇస్తే, ఆ దుంప మట్టిలోంచి ముక్కు బయటపెట్టేది జనవరిలో. పూసేది ఆ తర్వాత, అదీ దానికి బుద్ధి పుడితే. మీ హామీ గడువు ముగిసేలోపు ఏ స్నోడ్రాప్ అయినా తన పేరు ఎలా చెప్పగలదు? అమ్మిన వస్తువు వర్ణనకు సరిపోవాలని ఈ దేశంలో 2015 వినియోగదారుల హక్కుల చట్టం చెబుతోంది. మీ 30 రోజులు ఆ చట్టం కన్నా పెద్దవి కావు.

ఈ చుక్క గోల ఏమిటని ఈ ఉత్తరం అనువదిస్తున్నవారికి అనిపించవచ్చు. పదహారేళ్ల కిందట ఈ దేశానికి వచ్చినప్పుడు నాకూ అలాగే ఉండేది. మందారాలు, బంతులు, ముద్దగులాబీలు చూసి పెరిగిన కళ్లకు చర్చి ఆవరణలో తలవంచుకుని నిలబడ్డ ఈ తెల్లపువ్వు చప్పగా కనిపించింది. దాని శాస్త్రనామం గెలాంథస్‌కు గ్రీకులో పాలపువ్వు అని అర్థమట. సరే, పాలలాగే ఉంది, ఇంకేముంది అనుకున్నాను. తర్వాత ఒక ఫిబ్రవరిలో మా వీధిలోని పెద్దావిడ తన తోటకు తీసుకెళ్లి, ఒక్కో పువ్వునూ వేలితో ఎత్తి చూపించారు. ఒకదానికి లోపలి రేకు మీద గుర్రపు లాడం లాంటి గుర్తు. ఒకదానికి రెండు చుక్కలు, కళ్లలాగా. ‘మాగ్నెట్’ అనేదానికి కాడ పొడుగ్గా, సన్నగా ఉండి చిన్న గాలికే పువ్వు ఊగుతుంది. ‘ఎస్. ఆర్నాట్’ను ఎండ తగిలే చోట కాసేపు వాసన చూడమన్నారు. తేనె వాసన! కాస్త వెచ్చదనం తగిలితే బయటి మూడు రేకులూ రెక్కల్లా విచ్చుకుంటాయి, చలి వేస్తే మళ్లీ ముడుచుకుంటాయి. ఆ రోజు నుంచి ఈ పిచ్చి నాకూ పట్టింది. ఇప్పుడు నా దగ్గర 41 రకాలున్నాయి. ఈ పిచ్చివాళ్లకు గెలాంథోఫైల్ అని ఒక పేరు కూడా ఉంది. జనవరిలో నేను తోటలో మోకాళ్ల మీద పాకుతుంటే పక్కింటివారు తాళంచెవి పోయిందేమోనని వెతకడానికి వస్తారు.

పేరున్న రకాలు వెయ్యికి పైగానే ఉన్నాయి. ఒక్కో పేరు వెనక ఒక మనిషో, ఒక చోటో ఉంటుంది. ‘వెండీస్ గోల్డ్’ కేంబ్రిడ్జి పక్కన వాండిల్‌బరీ అనే పార్కులో దొరికింది. అక్కడి వార్డెను భార్య పేరు దానికి పెట్టారు. షెప్టన్ మాలెట్‌లో జేమ్స్ అలెన్ అని పంతొమ్మిదో శతాబ్దపు మనిషి ఒకాయన ఉండేవారు. విత్తనాల నుంచి ఎన్నో కొత్త రకాలు తీశారు. బూజు తెగులు, నార్సిసస్ ఈగ కలిసి వాటిలో చాలా భాగాన్ని మింగేశాయి. ‘మాగ్నెట్’ ఆయనదే. అలెన్ చనిపోయి వందేళ్లు దాటినా అది ఇంకా నా తోటలో ఊగుతోందంటే, మధ్యలో ఎవరో ఒకరు దుంపను విడదీసి, సరైన పేరు రాసి, ఇంకొకరి చేతిలో పెడుతూ వచ్చారు కాబట్టే.

మామిడి తెలిసిన ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు ఇది త్వరగానే అర్థమైంది. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాస్తుందన్న భరోసా లేదు, అంటు కట్టాల్సిందే. స్నోడ్రాప్ కూడా అంతే. గింజ వేస్తే తల్లి పోలిక రావచ్చు, రాకపోవచ్చు. పిల్ల దుంపలను విడదీయాలి, లేదా దుంపను చాకుతో పొరలుగా కోసి పెంచాలి. మా నూజివీడు వైపు బంగినపల్లి అంటు అని చెప్పి కలెక్టర్ మామిడి అంటగడితే, చెట్టు కాపుకు వచ్చిన రోజు ఆ నర్సరీ పరువు సంతలో పడుతుంది. 2022లో ‘గోల్డెన్ టియర్స్’ అనే ఒక్క స్నోడ్రాప్ దుంప ఆన్‌లైన్ వేలంలో 1,850 పౌండ్లకు పోయింది. నేను అంత దూరం వెళ్లే మనిషిని కాను, 20 పౌండ్లు దాటితే మా ఇంట్లో లెక్క చెప్పాలి. కానీ ఆ దుంపను తూకం వేస్తే ఎంత బరువుంటుంది? కొన్నవారు డబ్బు పెట్టింది పేరుకు. మీరు నాకు పంపని వస్తువు కూడా సరిగ్గా అదే.

డబ్బు కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటుంది. నిరుడు మార్చిలో, ఆకులు పచ్చగా ఉండగానే, మీ మూడు దుంపల్లో ఒకదాన్ని ఆ పెద్దావిడకు ఇచ్చాను. ఆవిడ బదులుగా ‘ఎస్. ఆర్నాట్’ గుత్తి ఒకటి ఇచ్చారు. అప్పటికే ఆకు చూస్తే నాకు చిన్న అనుమానం ఉంది. మొదటి ఏడాది బలం లేక సన్నగా వచ్చిందేమో అనుకుని లేబుల్‌ను నమ్మాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఈ నెల పదో తేదీన ఆవిడ ఫోను చేసి, “మీ వెండీకి కళ్లు ఆకుపచ్చగా ఉన్నాయమ్మా” అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆవిడకు ఎనభై దాటాయి. యాభై ఏళ్లుగా తోటలో ఒక్క తప్పు లేబుల్ కూడా లేకుండా చూసుకున్న మనిషి. ఆవిడ నాకిచ్చింది అసలైన ఆర్నాట్. నేను ఆవిడకిచ్చింది మీ అబద్ధం.

మీ 10 పౌండ్ల కూపన్ నాకు వద్దు. 40 పౌండ్ల 50 పెన్స్ నా ఖాతాలో వేయండి. లేదా మార్చి పూర్తయ్యేలోపు, ఆకులతో ఉన్న అసలైన ‘వెండీస్ గోల్డ్’ మొక్కలు మూడు పంపండి, తడి నాచులో చుట్టి. ఎండు దుంపలు మళ్లీ పంపవద్దు. పువ్వుతో ఉన్నవి పంపితే మరీ మంచిది, అప్పుడు మీకూ నాకూ వాదన ఉండదు. మూడింటిలో ఒకటి ఆవిడ తోటకు వెళ్తుంది.

ఇంకొకటి, ఇది తప్పనిసరి. ఆ అక్టోబరులో అదే పెట్టెలోంచి ‘వెండీస్ గోల్డ్’ పేరుతో ఇంకెంతమందికి పంపారో మీ దగ్గర లెక్క ఉంటుంది. వాళ్లందరికీ రాయండి. వాళ్లు పిల్ల దుంపలు విడదీసి పంచుకోకముందే రాయండి. ఇంకో రెండేళ్లు ఆగితే ఆ తప్పుడు పేరు ఎన్ని తోటల్లోకి చేరుతుందో మీరు పట్టుకోలేరు. ఆ దుంపలు మీకు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలపండి. గెలాంథస్ జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉన్నవే. అడవిలో తవ్వినవి పేరు మార్చుకుని నా తోటకు చేరలేదని మీ నుంచి రాతపూర్వకంగా వినాలని ఉంది.

పువ్వు, ఆకు, మీ లేబుల్ మూడూ కనిపించేలా తీసిన ఆరు ఫొటోలు జత చేస్తున్నాను. ఈసారి తెరవండి. 14 రోజుల్లో జవాబు రాకపోతే చిన్న మొత్తాల దావాల కోర్టుకు వెళ్తాను. అక్కడ మాత్రం ఇంగ్లీషులోనే రాస్తాను.

ఆ రెండు మొక్కలనూ పీకి పారేయలేదు, వాటి తప్పేమీ లేదు. మీ లేబుల్ తీసేసి, సిరా అయితే వానకు పోతుందని పెన్సిలుతో ‘నివాలిస్, పేరు లేదు’ అని రాసి గుచ్చాను.

ఇట్లు,
మీ తొమ్మిదేళ్ల ఖాతాదారు