ఆర్థిక మంత్రి గారికి తిరుపతి నుంచి: భార్యాభర్తలు కలిసి ఒకే ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే ఏం?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మా కాపురం తిరుపతిలో, ఉద్యోగం రేణిగుంట వైపు. కారు లోన్ గడువుకు ముందే తీర్చేద్దామని ఈ మధ్య ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకున్నాం. కారు సంగతి ఎలాగో తేలింది కానీ, పన్ను లెక్క దగ్గర ఆగిపోయాం.

లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు నా భార్యను కో అప్లికెంట్‌గా పెట్టుకుంది. అప్పట్లో ఆమెకూ ఉద్యోగం ఉండేది కాబట్టి ఇద్దరి జీతాలూ కలిపి, ఎంత ఈఎంఐ కట్టగలమో చూసింది. బాబు పుట్టాక ఆమె ఉద్యోగం మానేసింది. అయినా ఒక్క ఈఎంఐ తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. దానికి నేనేమీ అనను. అప్పు ఇద్దరిదీ.

మరి పన్ను? 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు, సంతోషం. కానీ ఈ లెక్క చూడండి. ఒక ఇంట్లో ఇద్దరూ చెరో 8 లక్షల జీతం తెస్తే, 2025-26కి కొత్త పన్ను విధానంలో ఆ ఇంటి పన్ను సున్నా. పక్కింట్లో ఒక్కరే 16 లక్షలు తెస్తే, జీతగాళ్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేసినా, సెస్సుతో కలిపి 1,13,100 రూపాయలు. స్కూలు ఫీజు, ఇంటి అద్దె, సోనామసూరి బియ్యం ధర మాత్రం రెండిళ్లకూ ఒకటే.

పోనీ కొంత డబ్బు ఆమె పేరున ఎఫ్‌డీ వేద్దామంటే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 64వ సెక్షన్ ఉంది. నేను ఆమెకిచ్చిన డబ్బు మీద పన్ను లేదు, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం నా ఆదాయంలోనే కలుస్తుంది. 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఇలా కలపడం (క్లబ్బింగ్) పోలేదు. అది ఆమె సొంతంగా దాచుకున్నదని కాణిపాకంలో ప్రమాణం చేసినా ఆఫీసరు కాగితాలే అడుగుతారు. అంటే వడ్డీ కలుపుకోవడానికి మేమిద్దరం ఒకటి, ఆమె వాడుకోని మినహాయింపు నాకు రావాలంటే ఎవరికి వారే.

అందుకే ఆ డబ్బుతో లోనే క్లోజ్ చేద్దామనుకున్నాం. 9 శాతానికి అప్పు ఉంచుకుని, 7 శాతానికి ఎఫ్‌డీ వేసి, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను కట్టడం తెలివైన పని కాదు కదా. పైగా జీతగాడికి కారు లోన్ వడ్డీ మీద మినహాయింపేమీ లేదు. అదే కారు వ్యాపారానికి వాడితే వడ్డీ, తరుగుదల ఖర్చు కింద రాసుకోవచ్చు. వడ్డీ మారుతుండే ఫ్లోటింగ్ రేటు లోన్లకైతే, ముందే తీర్చేసినందుకు చార్జీలు వద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి! వాటిని ముందే తీర్చేస్తే చాలాచోట్ల ఫోర్‌క్లోజర్ చార్జీ, దాని మీద జీఎస్టీ కట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పట్టుకుని ఆర్సీలో బ్యాంకు తాకట్టు నమోదు (హైపోతికేషన్) తీసేయించుకోవాలి.

వ్యాపార కుటుంబాలైతే హెచ్‌యూఎఫ్ (హిందూ అవిభక్త కుటుంబం) పేరుతో ఇంకో పాన్ కార్డు తీసుకుని, కొంత ఆదాయాన్ని అందులో వేరుగా చూపిస్తాయి. మాలాంటి వాళ్లకు జీతాన్ని అందులో చూపించడం కుదరదు.

భార్యాభర్తలు కావాలంటే కలిసి ఒకే రిటర్న్ వేసుకునే వీలు కల్పించమని 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ కూడా సూచించింది. దీనివల్ల ఆడవాళ్లు ఉద్యోగాలు మానేస్తారని కొందరి భయం. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అమెరికాలో దంపతులు కలిసి రిటర్న్ వేస్తారు. అక్కడ కూడా ఇద్దరివీ పెద్ద జీతాలైతే పెళ్లి కాకముందు కంటే ఎక్కువ పన్ను పడే సందర్భాలున్నాయి. అందుకే అందరి మీదా రుద్దవద్దు, ఏ ఏడాదికి ఆ ఏడాది ఎంచుకోనివ్వండి. ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరిన ఏడాది విడివిడిగా వేసుకుంటాం.

అది వచ్చే బడ్జెట్‌లో కుదరదంటే, కనీసం ఆదాయం లేని భార్య లేదా భర్త పేరు మీదున్న ఎఫ్‌డీ వడ్డీకి ఒక పరిమితి పెట్టి, అంతవరకైనా క్లబ్బింగ్ నుంచి వదిలేయండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక జీతగాడు