ఆరో వారం

చిట్టితల్లీ,

మీ హాస్టల్‌కి ఆలస్యంగా సీటొచ్చి చేరే పిల్లల విషయంలో, సీనియర్‌గా నువ్వు ఏమేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసి పంపమని పోయిన నెల అడిగావు. ఇదిగో, ఆ పని మీదే కూర్చున్నాను. ఫోన్లో చెప్పేస్తే పోయేది, కానీ నువ్వు ఎత్తడం లేదు. క్లాసులో ఉండి ఉంటావు, లేకపోతే ఆ పిల్లల వెనక తిరుగుతూ ఉంటావు. నీ గొంతు విని పంతొమ్మిది రోజులైందని మీ నాన్న అంటున్నారు.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? టీతో పాటు వేసుకోకు, ఒంటికి పట్టవు. మధ్యలో గంటైనా ఎడం ఉండాలి.

సరే, పిల్లల సంగతి. సోమవారం పదకొండు మంది దిగుతున్నారన్నావు. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. పెట్టెలు మోసుకొచ్చి, అమ్మానాన్నల్ని సాగనంపి వచ్చిన పిల్లకి ఆ రోజు తలకెక్కేవి నాలుగైదు విషయాలే. గది తాళం సరిగ్గా పడుతోందా, మంచినీళ్లెక్కడ, బాత్రూమ్ ఎటు, మెస్ ఎన్నింటికి తెరిచి ఎన్నింటికి మూస్తారు, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అక్కడితో ఆపెయ్యాలి. ఆ ఫోన్ నంబర్ మాత్రం కాగితం మీద రాసి చేతికివ్వు. మొదటి రోజు ఛార్జర్ పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది, చీకటి పడేసరికి ఫోన్ ఆరిపోతుంది. లైబ్రరీ, క్లబ్బులు, స్కాలర్‌షిప్ ఫారాలు మూడో రోజుకి పెట్టుకో.

రెండో రోజు పొద్దున్నే పక్కన కూర్చుని యూనివర్సిటీ ఈమెయిల్ తెరిపించు. నోటీసులన్నీ దానికే వస్తాయి, పిల్లలేమో తమ పాత మెయిలే చూసుకుంటూ ఉంటారు. సబ్జెక్టు మార్చుకునే గడువు దాటిపోయిందని దాటాక తెలుస్తుంది. వీళ్లకి ఆ గడువు ఇప్పటికే అయిపోయి ఉండొచ్చు, కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అర్జీ పెట్టి పొడిగింపు అడగాలి. నోటిమాటగా 'చూద్దాంలే' అంటే దాన్ని నమ్ముకోవద్దను. తర్వాత ఐడీ కార్డు మీద పేరునీ, సర్టిఫికెట్ మీద పేరునీ అక్షరం అక్షరం పోల్చి చూడాలి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, ఎక్కడైనా ఒక అక్షరం ఎక్కువ పడిందా? ఇప్పుడైతే ఒక్క అర్జీతో పోతుంది, పరీక్ష ఫారం నింపేశాక అదే తప్పు మార్కుల జాబితా దాకా పాకుతుంది. ఆఫీసువాళ్లు ఒరిజినల్స్ తీసుకుంటే రసీదు లేకుండా అక్కణ్ణుంచి కదలొద్దను. అన్నింటినీ ఫొటో తీసి తన మెయిల్‌కి తనే పంపుకుంటే మంచిది.

దుప్పటి ఉందా నీకు? ఎందుకు అడుగుతున్నానంటే చిన్నత్త ఫోన్లో ఏదో అంది. తర్వాత రాస్తాను.

ఇప్పుడు చెప్పబోయేది నువ్వు మానకూడని పని. టైమ్‌టేబుల్ చేతిలో పెట్టి వదిలెయ్యకు, దాన్ని నడిపించు. క్లాసులకి ముందురోజు సాయంత్రం, గది తలుపు దగ్గర్నుంచి ఒక్కో క్లాసు గుమ్మం దాకా, ఏ వరసలో వెళ్లాలో ఆ వరసలోనే నడవాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోవాలి. రెండు క్లాసులకి మధ్య పది నిమిషాలే ఉండి నడక పన్నెండు నిమిషాలైతే దగ్గరిదారి ఏదో ముందే చూపించాలి. దీనికింత పట్టుబడుతున్నానంటే పెద్దత్త వాళ్ల అబ్బాయి వల్ల. నీకు సగమే తెలుసు, ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పుకోరు.

మీ బావ కూడా నాలుగు వారాలు ఆలస్యంగానే చేరాడు. మిగిలిపోయిన గది ఇచ్చారు, పై అంతస్తులో కారిడార్ చివర. టైమ్‌టేబుల్ మీద బి-204 అని ఉంది. ఆ కాలేజీలో 'బి' అని పిలిచేవి రెండు భవనాలు, అది కొత్తవాళ్లకి చెప్పేవాళ్లు లేరు. మొదటిరోజు తప్పు భవనంలో కూర్చున్నాడు. పది నిమిషాల్లో తెలిసింది అది తన సబ్జెక్టు కాదని. అరవై మంది మధ్య లేచి బయటికి రావడానికి మొహం చెల్లక గంటంతా అలాగే కూర్చున్నాడు. మర్నాడు సరైన చోటు వెతుక్కుని వెళ్లేసరికి తలుపు వేసేశారు. తట్టలేక తిరిగొచ్చేశాడు. మూడో రోజు అసలు బయల్దేరలేదు. హాజరు పట్టీ అతను చేరకముందు తయారైంది, అందులో పేరే లేదు. పేరుంటేనే కదా రావడం లేదని ఎవరైనా గమనించేది!

మెస్ దగ్గర ఇంకోటి. కార్డు విడిగా తీసుకోవాలని తెలియదు. కౌంటర్‌లో ఉన్నాయన 'కార్డేది?' అని గట్టిగా అడిగాడు, వెనక వరసలో పాతికమంది. తిట్టలేదు, పొమ్మనలేదు, కార్డు అడిగాడంతే. అతను పళ్లెం అక్కడ పెట్టేసి వచ్చేశాడు, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. బిస్కెట్లతో గడిపాడు. ప్రతి రాత్రీ ఫోన్ చేసి 'బాగున్నానమ్మా, క్లాసులు బాగా జరుగుతున్నాయి' అనేవాడు. మీ పెద్దత్త నమ్మింది, ఎందుకు నమ్మదు? చివరికి బయటపెట్టింది కారిడార్ ఊడ్చే ఆవిడ. ఆ గది ముందు చెత్తబుట్టలో రోజూ బిస్కెట్ కాగితాలే, కడగడానికి ఒక్క గిన్నె కూడా బయటికి రావడం లేదని కేర్‌టేకర్‌తో చెప్పింది. ఆయన వెళ్లి తలుపు తట్టేసరికి మనిషి సగమయ్యాడు.

ఎలా బాగుపడ్డాడో అది విను. ఒక సీనియర్ రెండు పొద్దులు అతనితో కలిసి క్లాసు గుమ్మం దాకా నడిచాడు, ఒక పూట మెస్ వరసలో పక్కన నిలబడి కార్డు ఇప్పించాడు. హాజరు పట్టీలో పేరు రాయించాడు. అయిపోయింది. మందులు లేవు, హితబోధలు లేవు. ఎవరినీ అడగలేని చిన్న సిగ్గు ఒకదాని మీద ఒకటి పేరుకుంది, అంతే. మన వాళ్లు మాత్రం 'చదువు భయం' అని తీర్మానించేశారు.

కారిడార్ చివరి గది అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకు. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు, అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో విద్యార్థుల కుటుంబాలుండే ఇళ్ల మీద చేసిన పరిశీలన అచ్చువేశారు. పక్క తలుపు వాళ్లలో 41 శాతం మందిని దగ్గరి స్నేహితులుగా చెప్పుకున్నారు. అదే అంతస్తులో ఈ చివరా ఆ చివరా ఉన్నవాళ్ల మధ్య అది 10 శాతమే. మధ్య దూరం చూస్తే వంద అడుగులు కూడా లేదు. మీ పదకొండు మందికీ ఇచ్చేవి మిగిలిపోయిన గదులే. ఎవరెవరు చివర పడ్డారో ముందే జాబితా రాసుకో, రోజూ వాళ్ల తలుపు ముందునుంచి వెళ్లేలా నీ దారి మార్చుకో. సాయంత్రం ఒక గంట తలుపు తెరిచి పెట్టుకోమని చెప్పు.

ఇంకో చిక్కు, వీళ్లు వచ్చేసరికి మిగతావాళ్లకి జట్లు కుదిరిపోయి ఉంటాయి. అమెరికాలోనే కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో ఒక లెక్క చెప్పాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు కావాలట, మంచి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన. పాతవాళ్లకి ఐదు వారాల గంటలు ఇప్పటికే జమ అయ్యాయి. కాబట్టి 'అందరితో కలువమ్మా' అని సలహా పారేస్తే లాభం లేదు. పని అప్పగించు. ల్యాబ్ రికార్డులు సేకరించడం, నోటీసుబోర్డు సర్దడం, ఏదో ఒక జట్టుకి స్కోరు రాయడం. చేతిలో పని ఉంటే పక్కనున్నవాళ్లతో మాట దానంతటదే కలుస్తుంది.

రూమ్మేట్ల గురించి ఎక్కువ రాయను. లైటు ఎన్నింటికి ఆర్పాలి, గదికి ఎవరు రావచ్చు, అలారం ఎన్నిసార్లు మోగొచ్చు, ఈ మూడూ మొదటి వారంలోనే, ఎవరికీ కోపం రాకముందే మాట్లాడుకోమను. పొద్దున్న ఐదుసార్లు మోగే అలారం దగ్గర విడిపోయిన గదులే ఎక్కువ.

ఇంటి మీద బెంగ సంగతికొస్తాను. దాన్ని చిన్నపిల్లల చేష్ట అని ఎవర్నీ అననివ్వకు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్లో తన సిద్ధాంత వ్యాసమే దీని మీద రాశాడు, ఇల్లు వదిలి దూరాన ఉన్నవాళ్లకి వచ్చే జబ్బు అని దీనికి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. అంత పాతది ఇది. పగలు పనిలో పడితే తెలియదు, పడుకునే ముందు, లేవగానే పట్టుకుంటుంది. అందుకే ఇంటికి ఫోన్ పడుకునే ముందు వద్దు. సాయంత్రం చేసుకుని, పెట్టేశాక వెంటనే ఎక్కడికో వెళ్లేలా ఉండాలి. ఇంటికి మళ్లీ ఎప్పుడు వెళ్తుందో తేదీ ఖాయం చేసుకుని గోడ మీద రాసుకుంటే సగం బరువు దిగుతుంది. వెళ్లి వచ్చాక మొదటి రెండు రోజులు మళ్లీ కొత్తగా మొదలైనట్టుంటుంది, అది ముందే చెప్పి ఉంచు, లేకపోతే 'నాకిక అలవాటు కాదు' అనుకుంటారు.

నువ్వు పిల్లలకి ఇంతలా చెప్పగలవు. నాకు మాత్రం సాయంత్రం పూట ఒక ఫోన్ రావడం లేదు.

పాత బ్యాచ్‌ని మర్చిపోకు. వాళ్లు వచ్చి ఈ ఆదివారానికి ఐదు వారాలు, ఆరోది మొదలవుతోంది. మొదటి వారం వాలంటీర్లు, బ్యానర్లు, ఫొటోలు, అందరూ ఉంటారు. ఆరో వారానికి ఎవరూ ఉండరు. సరిగ్గా అప్పుడే మొదటి ఇంటర్నల్ మార్కులొస్తాయి. బళ్లో ఎప్పుడూ మొదటి వరసలో ఉన్న పిల్ల జీవితంలో మొట్టమొదటిసారి ఇరవైకి ఏడు చూస్తుంది, కాగితం మడిచి పుస్తకంలో దాచేస్తుంది. ఎవరికీ చెప్పదు. తర్వాత భోజనానికి ఆలస్యంగా వెళ్తుంది, అందరూ వెళ్లిపోయాక. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఫోన్ మోగుతుంటే చూసి బోర్లా పెట్టేస్తుంది. మెసేజ్‌కి ఒకే ముక్క జవాబు.

అలాంటి పిల్లని 'బాగున్నావా?' అని అడగకు. 'బాగున్నా' అంటుంది, తలుపు మూసుకుంటుంది. దాచడానికి వీల్లేని చిన్న ప్రశ్న అడగాలి. నిన్న రాత్రి ఎవరితో కలిసి తిన్నావు? పొద్దున ఏ క్లాసుకి వెళ్లావు, ఎక్కడ కూర్చున్నావు? ఒంటరిగా తిన్నానని మూడు రోజులు వరసగా చెబితే నాలుగో రోజు నువ్వు పళ్లెం పట్టుకుని పక్కన కూర్చో. మార్కుల కాగితం ఉంటే దాంతో నేరుగా మేష్టారి గదికి వెళ్లాలి, ఆయన సీట్లో ఉండే సమయం తలుపు మీద రాసే ఉంటుంది. 'నాకు అర్థం కాలేదు' అని కాకుండా 'ఈ మూడో లెక్కలో ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను' అని అడగమను. గుమ్మం దాకా నువ్వు వెళ్లు, లోపలికి తననే వెళ్లనివ్వు.

నీ మెసేజ్‌లు మళ్లీ చూశాను. 'బాగున్నామ్మా.' 'బాగున్నా.' 'బాగున్నా, తర్వాత చేస్తా.' పంతొమ్మిది రోజుల్లో మూడు.

ఇక చిన్నత్త మాట. నీ మంచం ఎవరో జూనియర్ పిల్లకి ఇచ్చేశావనీ, ఆ పిల్ల రాత్రిళ్లు ఏడుస్తుంటే నువ్వు కిందే, తెల్లారేదాకా పక్కన కూర్చుంటున్నావనీ, పది రోజులుగా ఇదే వరస అనీ అంది. చిన్నత్త ఒకటి వింటే మూడు చెబుతుంది, తెలుసు. నిజమైతే మాత్రం నాకు కోపం లేదు. కోపం లేదు గానీ, ఇది వినాలి నువ్వు.

ఒక్క పిల్లకి ఒక్క మనిషి ఎప్పుడూ ఉండకూడదు. ఇద్దరు సీనియర్లుండాలి, రోజు విడిచి రోజు. రాత్రి పదకొండు దాటాక డ్యూటీ వార్డెన్ చూసుకోవాలి, నువ్వు కాదు. నిద్ర లేనివాళ్లు ఓపికగా వినలేరు, విన్నట్టు కనిపిస్తారు. వారం దాటినా ఆ పిల్ల నిద్రపోలేకపోతే, తినలేకపోతే, కౌన్సెలర్ దగ్గరికి నువ్వే అపాయింట్‌మెంట్ తీసి, తీసుకెళ్లి, బయట కూర్చో. ఇంకో మాట కూడా రాస్తున్నాను, నాకు రాయడానికి చెయ్యి ఆడకపోయినా. చచ్చిపోవాలనుంది అని ఏ పిల్లయినా అంటే, నవ్వుతూ అన్నా సరే, 'ఎవరికీ చెప్పనులే' అని మాటివ్వకు. సూటిగా అడుగు, అడిగినందుకు ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకు, ఆ గంటలోనే వార్డెన్‌కీ కౌన్సెలర్‌కీ చెప్పు. ఆ పిల్ల నీ మీద అలిగినా పరవాలేదు.

మీ నాన్న పొద్దున్న పార్సిల్ కట్టారు. దుప్పట్లు రెండు పెట్టమన్నాను, ఒకటి నీకు, ఒకటి ఆ పిల్లకి. నీ పాత కళ్లద్దాలు కూడా ఉన్నాయి, ఇప్పటివి విరిగితే పనికొస్తాయి. అందగానే చెప్పు.

బాగున్నావా అని అడగను. నిన్న రాత్రి ఎవరితో కలిసి తిన్నావు? ఎన్నింటికి పడుకున్నావు, మంచం మీదా, కిందా? ఈ మూడింటికి జవాబు రాయి, మిగతావి తర్వాత.

అమ్మ