ఎస్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే అలా వదిలేయకురా

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో మాటల మధ్యలో "కారులో ఎస్‌ఓఎస్ బటన్ పక్కన ఎర్ర లైటు పోవట్లేదురా, బండి మాత్రం బాగానే నడుస్తోంది, ఫ్యూజ్ పీకేస్తే గోల వదిలిపోతుంది" అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఫోన్‌లో సగం సగం చెప్పి లాభం లేదని తీరిగ్గా రాస్తున్నా. ఫ్యూజ్ జోలికి మాత్రం వెళ్లకు, ప్రమాదం జరిగితే సాయం కోసం కాల్ కలిపేది ఆ ఎస్‌ఓఎస్సే.

మా బండికీ వానాకాలంలో ఇదే వచ్చింది. స్టార్ట్ చేయగానే ఆ లైటు కాసేపు వెలిగి పచ్చగా మారాలి, అది ఎర్రగానే ఉండిపోయింది, మీటర్ దగ్గర ఎమర్జెన్సీ కాల్ పనిచేయడం లేదని మెసేజ్ కూడా వచ్చింది. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా పార్కింగ్ రెండంతస్తుల కింద, ఫోన్ సిగ్నలే సరిగా రాదు, అందుకేమో అనుకుని బయటికి తీసి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ రౌండ్ వేశా, అయినా మారలేదు. నువ్వూ ముందు ఈ పనే చెయ్యి. ఆరుబయట ఆపి, ఆఫ్ చేసి, కాసేపాగి స్టార్ట్ చెయ్యి, పచ్చగా మారితే అది సిగ్నల్ గొడవే. అలాగే కారు కంపెనీ యాప్‌లో ఈ ఎమర్జెన్సీ కాల్ సర్వీసు సబ్‌స్క్రిప్షన్ గడువు చూసుకో. మన దగ్గర చాలా కంపెనీలు మొదట్లో కొన్నేళ్లు ఫ్రీగా ఇచ్చి తర్వాత డబ్బు కట్టమంటాయి, కట్టకపోతే ఆ సర్వీసు ఆగిపోతుంది.

రెండూ బాగానే ఉన్నాయని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, అక్కడి అడ్వైజర్ బండిలో లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి, కోడ్ వచ్చింది సార్, ఎస్‌ఓఎస్ యూనిట్ మొత్తం మార్చాలి, నలభై వేల పైన అవుతుంది అన్నాడు. ఏం కోడ్ అంటే చెప్పడు, చూపించడు. నాకు మండింది. కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది గానీ ఏ పార్టు కొనాలో చెప్పదు కదరా. వోల్ట్ మీటర్ పెట్టి కొలవకుండా నలభై వేల మాట ఎలా వస్తుంది నోట్లోంచి?

అక్కడి నుంచి కేఆర్ పురం వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లా, అనంతపురం అబ్బాయి. అతను మొదట కారు బ్యాటరీనే కొలిచాడు. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల దాకా ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 14కి అటూ ఇటూ. పెద్ద బ్యాటరీ నీరసంగా ఉంటే సంబంధం లేని కోడ్‌లన్నీ వస్తాయట, అందుకని ముందు అది తేల్చుకోవాలి. మాది బాగానే ఉంది. స్కానర్ పెడితే బ్యాకప్ బ్యాటరీ అని స్పష్టంగా రాసి ఉంది. ఆ కోడ్ బదులు యూ0198 వచ్చి ఉంటే టెలిమాటిక్స్ యూనిట్, అంటే ఆ కాల్ కలిపే డబ్బా, అసలు మిగతా బండితో మాట్లాడటమే లేదని అర్థం, అప్పుడు వైరింగూ దాని ఫ్యూజూ చూడాలి. మాకు అది లేదు.

తర్వాత పెద్ద బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, గ్లోవ్ బాక్స్ విప్పాడు. అటువైపే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఆ ఆగడం తప్పనిసరి, తొందరపడే మెకానిక్‌కి బండి ఇవ్వకు. వెనకాల నల్లటి డబ్బా, దానికి పక్కనే నీలం రంగు చుట్టిన చిన్న బ్యాటరీ ప్యాక్. మీద 3.6 వోల్టులని అచ్చువేసి ఉంది, మీటర్ పెడితే రెండు వోల్టులు కూడా చూపించలేదు. ఒక చివర ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా కారి ఉంది. "అన్నా, యూనిట్ బాగానే ఉండాది, చచ్చింది ఇదే" అన్నాడు. అదే పార్ట్ నంబర్ ఉన్నది జేసీ రోడ్డులో తెప్పించి వేశాడు. మొత్తం ఖర్చు నలభై వేలలో పదో వంతు కూడా కాలేదు.

ఈ చిన్న బ్యాటరీ ఎందుకో తెలుసా? ముందునుంచి గట్టిగా గుద్దుకుంటే పెద్ద బ్యాటరీ నలిగిపోవచ్చు, వైరు తెగిపోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ పేలిన సంగతి అందగానే కాల్ కలపాల్సింది ఈ యూనిట్, అప్పుడు దానికి కరెంటు ఇచ్చేది ఆ వేలెడంత ప్యాక్. అది కొన్నేళ్లకి ఎలాగూ అరిగిపోతుంది, అది సహజం. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్తగా అనుమతి పొందే కారు మోడళ్లకి ఇలా కాల్ కలిపే ఏర్పాటు తప్పనిసరి చేశారు, కాల్ నేరుగా 112కి వెళ్తుంది, దాంతోపాటు బండి ఎక్కడుందో, ఎటు వెళ్తోందో, ఏ ఇంధనమో 140 బైట్లలో చేరిపోతుంది. మన సొంత కార్లలో అయితే ఎక్కువగా కంపెనీ కాల్ సెంటర్‌కి పోతుంది, వాళ్లు అంబులెన్స్‌కి చెప్పాలి. మన మోటారు వాహనాల చట్టంలో కూడా 2019 సవరణతో గోల్డెన్ అవర్ అని, పెద్ద దెబ్బ తగిలాక మొదటి గంట అని రాసుకున్నారు. నువ్వు అమ్మానాన్నల్ని ఎక్కించుకుని రాత్రిపూట పెనుకొండ మీదుగా బెంగళూరు వస్తుంటావు, ఆ గంటలో నువ్వు ఫోన్ అందుకునే పరిస్థితిలో లేకపోతే ఎలా? నా టెన్షన్ అదీ.

ఇంకో మాట, ఇది చాలామంది వదిలేస్తారు. లైటు పచ్చగా మారగానే నేను ఇంటికి బయల్దేరబోతే ఆ అబ్బాయి ఆపి, కాల్ చేసి చూద్దామన్నాడు. ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి టెస్ట్ చేస్తున్నామని చెప్పి, అప్పుడే బటన్ నొక్కాం. కలిసింది, అవతలి అమ్మాయి మాట మాకు వినిపిస్తోంది, మా మాట మాత్రం ఆమెకి తెగి తెగి వెళ్తోంది. పైన లైట్ల ప్యానెల్ తీసి చూస్తే మైక్ సాకెట్ సగమే కూర్చుని ఉంది. డాష్‌క్యామ్ బిగించిన షాపువాళ్లు కరెంటు కోసం ఆ ప్యానెల్ విప్పి, మూసేటప్పుడు సరిగా నొక్కలేదు. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి మళ్లీ కాల్ చేశాం, ఈసారి రోడ్డు మీద హారన్లతో సహా వినిపిస్తున్నాయంది ఆమె. నీ బండికీ డాష్‌క్యామ్ ఉంది కదా, ఆ సాకెట్ కూడా చూడమని చెప్పు.

కోడ్ ఏమొచ్చిందో స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. యూనిట్ మార్చాలంటే బ్యాకప్ బ్యాటరీ వోల్టేజ్ నీ కళ్లముందు కొలవమను, కొలవనంటే బండి వెనక్కి తెచ్చేసుకో. అక్కడ ఎవరూ కుదరకపోతే శనివారం ఇటు వచ్చేయ్, పగలే బయల్దేరు, ఆ అబ్బాయికి నేను ముందే చెప్పి ఉంచుతా. అత్తమ్మకి, మామయ్యకి నా నమస్కారాలు చెప్పు.

ఉంటా మరి.