సెట్‌బ్యాక్ పార్కింగ్ స్థలం కాదు

సంపాదకుడికి,

అపార్ట్‌మెంట్ల చుట్టూ నిబంధన ప్రకారం ఖాళీగా వదిలిన స్థలాన్ని, అంటే సెట్‌బ్యాక్‌ను, చాలా చోట్ల అదనపు పార్కింగ్‌గా పంచుకుంటున్నారు. చుట్టాల కార్లు, ఇంట్లో రెండో కారు, కవరు కప్పి వదిలేసిన పాత బండి అన్నీ అక్కడే. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌస్‌లో 2025 మే 18న 17 మంది అగ్నికి బలయ్యాక ఇరుకు దారుల గురించి అందరం మాట్లాడుకున్నాం. పాతబస్తీ గల్లీలను వెడల్పు చేయడం ఒక్క రోజులో తేలే పని కాదు. ప్లానులోనే ఫైరింజన్‌కు దారి వదిలి కట్టిన కొత్త భవనాల్లో మాత్రం ఆ దారిని మన చేతులతో మనమే మూసేసుకుంటున్నాం.

జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) ప్రకారం ఎత్తయిన భవనం చుట్టూ కనీసం 6 మీటర్ల ఖాళీ ఉండాలి, అందులో బండ్లు నిలపకూడదు. మామూలు కారు పొడవు దాదాపు 4 మీటర్లు. గోడ వైపు ముక్కు పెట్టి వరసగా నిలిపితే మిగిలేది 2 మీటర్లే. ఫైరింజన్ వెడల్పే సుమారు రెండున్నర. గోడ వెంట పొడవుగా ఆపితే 4 మీటర్లు మిగులుతుంది కదా అంటారు. బండి దూరుతుంది గానీ పని సాగదు. పక్క షట్టర్లెత్తి గొట్టాలు లాగాలి, సిబ్బంది తలుపులు తీసి దిగాలి. నిచ్చెన బండికైతే రెండు పక్కలా జాకులు చాచి నేలకు ఆనిస్తే తప్ప నిచ్చెన లేవదు. మలుపుల్లో 9 మీటర్ల వ్యాసార్ధం కావాలి. అందుకే అన్నిటికన్నా ముందు ఖాళీ చేయాల్సినవి మూలలు. అక్కడ ఒక్క కారున్నా, సిమెంటు పూలకుండీ ఉన్నా బండి మలుపు తిరగదు.

ఇక ఆ దారిని గుర్తుపట్టేలా నేల మీద వేసే గీతలు. చాలాచోట్ల గోడలకు మిగిలిన రంగుతో గీయించేస్తారు, ఒక వానాకాలానికే చెరిగిపోతాయి. కాంక్రీటు మీదైతే ప్రైమర్ పూసి, పసుపు థర్మోప్లాస్టిక్ (కరిగించి వేసే రోడ్డు రంగు) 2.5 మిల్లీమీటర్ల మందాన వేయించి, వేడి మీదే గాజుపూసలు చల్లించాలి. అవి లేకపోతే రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో గీత మెరవదు. నేల తడిగా ఉంటే అది పట్టుకోదు కాబట్టి వానలు వెళ్లాకే వేయించాలి. పేవర్ బ్లాకుల మీద మాత్రం వద్దు, బ్లాకులు కదిలినప్పుడల్లా అతుకుల దగ్గర పెచ్చులూడుతుంది. అంచు వరసలో పసుపు బ్లాకులే పరిపిస్తే సరి. 'ఫైరింజన్ దారి, బండి ఆపరాదు' అన్న అక్షరాలు గేటు వైపు నుంచి వచ్చేవారికి నిటారుగా కనిపించాలి. బోర్డు మీద ఒక్క అడ్డగీత ఉన్న నో పార్కింగ్ గుర్తు చాలదు. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించే 'ఆపరాదు' గుర్తు పెట్టించాలి. 'డ్రైవరు లోపలే ఉన్నాడు, రెండు నిమిషాలే' అనే మాటకు అప్పుడు తావుండదు.

పైకి కనిపించని చిక్కు నేల కింద ఉంది. ఈ దారి 45 టన్నులు మోయాలని నియమావళి చెబుతోంది. సెల్లారు కప్పు సెట్‌బ్యాక్ కిందికి వచ్చిన చోట, సంపు ఉన్న చోట ఆ బలం ఉందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాయించుకోవాలి. మ్యాన్‌హోల్ మూతల మీద పోతపోసిన అక్షరాలు చూడండి. ఎల్‌డీ 2.5 అని ఉంటే అది నడకదారిలో వేసే తేలిక మూత, ఫైరింజన్ చక్రం కింద పగిలిపోతుంది. దాన్ని తీయించి భారీ బండ్లను మోసే ఈహెచ్‌డీ 35 రకం వేయించాలి. వినాయక చవితి పందిరి, పెళ్లి షామియానా, కిందికి వేలాడే కేబుల్ వైర్లు, ఫైరింజన్ గొట్టం తగిలించే ఫైర్ బ్రిగేడ్ ఇన్‌లెట్ ముందు ఆపిన స్కూటర్లు, తాళం ఎవరి దగ్గరుందో తెలియని వెనక గేటు కూడా దారి మూసేవే.

రోడ్డు మీద అంబులెన్సుకు దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194-ఈ సెక్షన్ కింద 10 వేల రూపాయల జరిమానా ఉంది. కాంపౌండు లోపల ట్రాఫిక్ పోలీసు ఉండడు. కాబట్టి అసోసియేషన్లే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, మొదటిసారి హెచ్చరిక, రెండోసారి చక్రానికి తాళం, జరిమానా అని రాసుకోవాలి. అగ్నిమాపక శాఖకు ఒక విన్నపం: తనిఖీకి వచ్చినప్పుడు ప్లాను కాగితంతో సరిపెట్టుకోకుండా, కార్లన్నీ ఇంటికి చేరిన రాత్రి వేళ ఒకసారి టేపు పట్టి ఆ దారిని కొలిపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్