ఇంట్లో కట్టిన వాటర్ కూలింగ్ గురించి ఒక మెకానిక్ మాట

సంపాదకులు గారికి నమస్కారం.

కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరిచే పద్ధతి మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. చివర్లో మాత్రం ఇది ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదని, స్తోమత ఉంటే తయారైన కిట్ కొనుక్కోవాలని, లేకపోతే ఆ ఆలోచనే మానుకోవాలని తేల్చేశారు. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం.

నేను ఇరవై రెండేళ్లుగా వాహనాల రేడియేటర్లు బాగుచేస్తున్నాను. మా అమ్మాయిది యానిమేషన్ పని. రెండ్రోజుల్లో ఇవ్వాల్సిన పని పెట్టుకుని రాత్రంతా రెండరింగ్‌కు, అంటే కంప్యూటర్ ఒక్కో బొమ్మనూ లెక్కగట్టి పూర్తిచేసే పనికి, వదిలేస్తే, ప్రాసెసర్ వేడి 97, 98 డిగ్రీలకు చేరేది. అక్కడికి వచ్చాక అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున లేచి చూస్తే సగం పనే అయ్యుండేది. "నాన్నా, ఇంజన్ వేడెక్కితే నువ్వేం చేస్తావో దీనికీ అదే చెయ్యి" అంది. అలా మొదలైంది.

ముందే ఒక నిజం చెప్పాలి. మంచి పెద్ద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల దిమ్మ), దానికో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టుకుంటే చాలా కంప్యూటర్లకు అదే సరిపోతుంది. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే ఉద్దేశమైతే మొదట చూడాల్సింది దాన్నే. నా దగ్గర రేడియేటర్లు, పైపులు, క్లిప్పులు ఊరికే పడి ఉన్నాయి కాబట్టి నేను నీళ్ల దారి పట్టాను.

విషయం ఇంజన్‌లో ఉన్నదే. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకు, ఒక పంపు, రేడియేటర్, నీళ్ల డబ్బా, వీటిని కలిపే పైపులు. అంతే సరంజామా. అంతే ఘనపరిమాణం గాలితో పోలిస్తే నీళ్లు సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలవు. కానీ మోసుకెళ్లిన వేడిని చివరికి గదిలోని గాలికే ఇవ్వాలి. అందుకే రేడియేటర్ ఎంత పెద్దదైనా గది కంటే చల్లగా నీళ్లు రావు. డబ్బాలో ఐసు వేస్తే బాగుంటుందని కొందరు నాకు సలహా ఇచ్చారు. ఐసు వేస్తే బ్లాకు మీద, పైపుల మీద గాలిలోని తేమ చెమ్మగా పడుతుంది. అది కారేది ప్రాసెసర్ కూర్చునే మదర్‌బోర్డ్ మీదికే. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

నేను చేసిన తప్పు కూడా రాస్తాను, ఇంకొకరు చేయకుండా ఉండాలని. మొదటిసారి షాపులో పడి ఉన్న బైకు రేడియేటర్ పెట్టాను. అది అల్యూమినియం. బ్లాకు రాగి. మధ్యలో వట్టి డిస్టిల్డ్ వాటర్ పోశాను. నాలుగో నెలలో వేడి మళ్లీ 90 దాటింది. విప్పి చూస్తే బ్లాకు లోపల నీళ్లు పారే గాళ్లలో తెల్లటి జిగురు ముద్ద. రేడియేటర్ మూతి దగ్గర అల్యూమినియం గుంటలు పడి తినేసి ఉంది. ఒకే నీళ్లలో రాగి, అల్యూమినియం ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరిగిపోతూ వస్తుంది. వాహనాల్లోనూ వేర్వేరు లోహాలు కలిసే ఉంటాయి, కానీ వాటి రేడియేటర్లలో పోసే కూలెంట్‌లో ఆ తినేయడాన్ని ఆపే రసాయనాలు ఉంటాయి. వట్టి నీళ్లు పోయొద్దని రోజూ బండివాళ్లకు చెప్పే నేను, ఇంట్లో ఆ మాట మరిచిపోయాను. ఇప్పటికీ ఆ సంగతి నన్ను బాధపెడుతుంది.

తర్వాత ఒక పాత కారు హీటర్ కోర్ పెట్టాను. కారు లోపల వేడి గాలి రావడానికి డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ అది. పాత కార్లలో ఇవి రాగి, ఇత్తడితో వచ్చేవి. కొత్తవాటిలో చాలావరకు అల్యూమినియమే. అయస్కాంతం పెట్టి చూసి లాభం లేదు, రెంటికీ అంటుకోదు. చాకు మొనతో చిన్న గీత గీయండి. లోపల ఎర్రగానో పసుపుగానో కనిపిస్తే తీసుకోండి, తెల్లగా మెరిస్తే పక్కన పెట్టండి. పాతది కాబట్టి వేడి నీళ్లలో వెనిగర్ కలిపి నింపి, కొంతసేపు ఉంచి, మురికి పోయేదాకా మంచినీళ్లతో కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి జాడించాను.

బ్లాకు కూడా మొదట నేనే చేశాను. మందపాటి రాగి పలకలో రంపంతో గాళ్లు కోసి, అద్దం మీద నీటి ఎమరీ పేపర్ పరిచి అడుగు చదును చేశాను. పని చేసింది, కానీ వేడి 88కి తగ్గి అక్కడే ఆగిపోయింది. దుకాణంలో దొరికే బ్లాకుల లోపల రెక్కలు మిల్లీమీటరులో కొంత భాగం మందమే ఉంటాయి. చేతి రంపానికి అది సాధ్యం కాదు. చివరికి బ్లాకు ఒక్కటి కొన్నాం. ఇప్పుడు గదిలో 30 డిగ్రీలు ఉంటే రెండరింగ్‌లో ప్రాసెసర్ 70 దగ్గర ఉంటోంది. డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే అది బ్లాకే అని నా అనుభవం.

పంపు విషయంలో అందరూ పెద్దదే కావాలంటారు. అవసరం లేదు. మా దాంట్లో లీటరు సీసా 50 సెకన్లలో నిండుతుంది. ఆ ధారకు 140 వాట్ల ప్రాసెసర్ పెట్టినా, లోపలికి వెళ్లే నీళ్లకూ బయటికి వచ్చే నీళ్లకూ తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు. మొదట అక్వేరియం పంపు వాడాను. అది ఇంటి కరెంటుతో నడుస్తుంది, దాని స్విచ్ వేరు. ఒకరోజు మా అమ్మాయి పంపు వేయడం మరిచి కంప్యూటర్ ఆన్ చేసింది. కాసేపట్లోనే 100కి వెళ్లి ఆగిపోయింది. ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, కానీ అంతకంటే నన్ను భయపెట్టింది ఆ నీళ్లలో మునిగి ఉన్న ఇంటి కరెంటు. వెంటనే తీసేసి 12 వోల్టుల పంపు పెట్టాను. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్, నుంచే దానికి కరెంటు. రెండూ కలిసే మొదలవుతాయి, కలిసే ఆగుతాయి. చేయాలనుకునేవాళ్లు మొదటి నుంచీ ఇదే వాడండి.

ఇక మీ వ్యాసం భయపెట్టిన లీకు సంగతి. లీకును చూసుకోవడం మా వృత్తిలో రోజువారీ పని. రేడియేటర్ ఒక మూతి బిగించి, రెండో మూతి నుంచి కొద్దిగా గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచితే బుడగ ఎక్కడ వస్తుందో కళ్లకు కనిపిస్తుంది. ఇంట్లోనూ రేడియేటర్‌ను విడిగా ఇలాగే చూడొచ్చు. మీటరున్న సైకిల్ పంపుతో 5 పీఎస్ఐ (టైరులో గాలి కొలిచే లెక్క) చాలు. ఎక్కువ ఎక్కిస్తే సన్నటి గొట్టాల అతుకులు విడిపోతాయి. ఆ తర్వాత అన్నీ కలిపి, కంప్యూటర్ బయట, బల్ల మీద నీళ్లు నింపాలి. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపర్ పరచాలి. పంపు ఒక్కదాన్నే 24 గంటలు నడపాలి. దానికి మరో 12 వోల్టుల అడాప్టర్ వాడితే మదర్‌బోర్డ్‌కు కరెంటే అక్కర్లేదు. మా దాంట్లో ఏడో గంటకు ఒక పేపర్ మీద గోరంత తడి మచ్చ కనిపించింది. క్లిప్పు కొంచెం వదులు. బిగించి మళ్లీ మొదటి నుంచీ 24 గంటలు నడిపాను. కంప్యూటర్‌లో పెట్టాక మళ్లీ అంతే.

డిస్టిల్డ్ వాటర్ కారినా కరెంటు పాకదులే అన్న ధైర్యం వద్దు. స్వచ్ఛంగా ఉన్నంతవరకే అది. లోహాల మీదుగా, దుమ్ము మీదుగా వెళ్లాక అది మామూలు నీళ్లే అవుతుంది. నేను ఇప్పుడు కొంచెం వాహనాల కూలెంట్ కలుపుతున్నాను, పాచి కూడా పట్టడం లేదు. మామూలుగా దొరికే కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉండే విషం. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో డబ్బా మూత గట్టిగా ఉండాలి, మిగిలినది అందనంత ఎత్తులో పెట్టాలి.

నా విన్నపం ఒక్కటే. డబ్బు లేని పిల్లలు ఈ పని ఎలాగూ చేస్తారు. పత్రిక వద్దన్నంత మాత్రాన ఆగరు, ఏ పంపు పెట్టాలో తెలియక ఇంటి కరెంటు నీళ్లలో ముంచుతారు. ఈసారి ఈ విషయం మీద రాసినప్పుడు లోహాలు కలపొద్దని, 12 వోల్టుల పంపే వాడాలని, 24 గంటలు టిష్యూ పేపర్ మీద నడిపి చూడాలని ఒక చిన్న బాక్సు కట్టి వేయండి. ఆ బాక్సుకు బొమ్మలు కావాలంటే మా అమ్మాయి గీసి ఇస్తానంది.

ఇట్లు,
మీ పాఠకుడు, రేడియేటర్ మెకానిక్