ప్యాకేజీ దాచినంత మాత్రాన సర్వీసు దాగదు

ఒరేయ్ శ్రీనూ,

బిల్లింగ్ మాడ్యూల్ లోపల వాడుకోవడానికి రాసిన సర్వీసు రిపోర్టుల మాడ్యూల్ చేతికి ఎలా చిక్కిందని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే సగం వింటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఓఎస్‌జీఐ అంటే జావా ప్రోగ్రామ్‌ని విడివిడి మాడ్యూళ్లుగా నడిపే ఫ్రేమ్‌వర్క్, ఆ మాడ్యూల్‌నే అక్కడ బండిల్ అంటారు. ప్రతి బండిల్‌కీ సొంత క్లాస్‌లోడర్, అంటే దాని క్లాసుల్ని లోడ్ చేసే భాగం, ఉంటుంది. బండిల్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్-ప్యాకేజ్ కింద రాయని ప్యాకేజీ (క్లాసుల గుంపు) పక్కవాళ్లకి కనిపించదు. అంతవరకూ కాపలా గట్టిదే. బండిళ్లు తమ సర్వీసుల్ని నమోదు చేసి, పక్కవాళ్లవి వెతుక్కునే సర్వీస్ రిజిస్ట్రీ మాత్రం ఫ్రేమ్‌వర్క్ మొత్తానికీ ఒక్కటే. అందులో రిజిస్టర్ చేశామంటే, ఇంటికి గడియ పెట్టి సరుకు సంతలో పెట్టినట్టే.

నీ దగ్గర జరిగింది ఇదీ అని నా అనుమానం: ఆ లోపలి సర్వీసును కూడా అందరికీ ఎక్స్‌పోర్ట్ చేసిన ఇంటర్‌ఫేస్ పేరు మీదే రిజిస్టర్ చేసి ఉంటారు. అవతలివాళ్లు టార్గెట్ ఫిల్టర్ (ఏ సర్వీసు కావాలో చెప్పే షరతు) లేకుండా ఆ ఇంటర్‌ఫేస్‌కి రెఫరెన్స్ పెడితే, సర్వీస్ ర్యాంకింగ్ (రిజిస్టర్ చేసేటప్పుడు ఇచ్చే ప్రాధాన్య సంఖ్య) ఎక్కువున్నది వస్తుంది. ర్యాంకింగ్ సమానమైతే సర్వీస్ ఐడీ చిన్నది, అంటే ముందు రిజిస్టరైనది వస్తుంది. రీస్టార్ట్‌లో ఆ వరుస మారొచ్చు. అందుకే ఒకసారి సరిగ్గా పనిచేసి, రీస్టార్ట్ చేశాక తేడా కొడుతుంది. ఆ టెన్షన్ మామూలుది కాదురా!

నా మాట వింటే, అసలు రిజిస్టర్ చెయ్యకు. ఒక్క బండిల్‌లోనే వాడే వస్తువుకి రిజిస్ట్రీ ఎందుకు? మామూలుగా కన్‌స్ట్రక్టర్‌లో అందించు. డిక్లరేటివ్ సర్వీసెస్‌తో (సర్వీసుల్ని ఓఎస్‌జీఐయే తయారుచేసి కలిపే పద్ధతి) తప్పదంటే, దానికో వేరే ఇంటర్‌ఫేస్ రాసి, ఎక్స్‌పోర్ట్ చెయ్యని ప్యాకేజీలో ఉంచు. పొరపాటున ఎవరూ దాన్ని పట్టుకోలేరు. కావాలని, టైపు పొంతన చూడకుండా సర్వీసులన్నీ ఇచ్చే గెట్‌ఆల్‌సర్వీస్‌రెఫరెన్సెస్ పిలిచి, రిఫ్లెక్షన్‌తో (మెథడ్‌ని పేరుతో వెతికి పిలిచే పద్ధతి) వాడేవాణ్ని మాత్రం ఇది ఆపదు.

అలాంటివాణ్ని కూడా ఆపాలంటే 2009లో ఓఎస్‌జీఐ 4.2తో వచ్చిన ఫైండ్‌హుక్ ఉంది, సర్వీసుల వెతుకులాటలో జోక్యం చేసుకునేది. ఎవరు వెతుకుతున్నారో చూసి, దొరికిన రెఫరెన్సుల్లోంచి కొన్ని తీసేయొచ్చు, కొత్తవి చేర్చలేం. దానితోపాటు, సర్వీసు కబుర్లు ఎవరికి వెళ్లాలో వడపోసే ఈవెంట్‌లిజనర్‌హుక్ కూడా పెట్టాలి, మర్చిపోకు. లేకపోతే అప్పటికే కాచుకుని ఉన్న సర్వీస్‌ట్రాకర్‌కి రిజిస్టరైన కబురు అందిపోతుంది. నీ ప్రాజెక్టుకి ఇంత హడావిడి అనవసరం అనిపిస్తోంది నాకు. ఎవరు ఏ సర్వీసు వాడొచ్చో అనుమతులు పెట్టే సర్వీస్‌పర్మిషన్ జోలికి అసలు పోవద్దు. అది ఆనుకున్న జావా సెక్యూరిటీ మేనేజర్‌ని జావా 17లో తొలగింపు జాబితాలో పెట్టి, 24లో పూర్తిగా ఆపేశారు.

ముందు ఓఎస్‌జీఐ కమాండ్లు టైప్ చేసే గోగో షెల్‌లో బిల్లింగ్ బండిల్ ఏమేం రిజిస్టర్ చేస్తోందో చూసి, ర్యాంకింగ్‌లతో సహా నాకు పంపు. ఆదివారం కూర్చుని చూద్దాం.

నీ,
ప్రసాద్